ఉప్పు తిన్న పత్రికలు

2025 జనవరి 20న, రెండోసారి అధ్యక్షుడిగా ప్రమాణం చేసిన రోజునే, ట్రంప్ విదేశాలకిచ్చే సాయాన్ని 90 రోజులపాటు నిలిపేస్తూ ఒక ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. ఆగిపోయినవాటిలో మందులున్నాయి, తిండిగింజలున్నాయి. వాటి గురించి చాలామంది రాశారు, రాయాల్సిందే. వాటి పక్కనే ఒక చిన్న పద్దు కూడా ఆగిపోయింది. బయటి దేశాల్లో స్వతంత్ర పత్రికలకీ వార్తాసంస్థలకీ ఊతంగా ఆ ఏడాదికి అమెరికన్ కాంగ్రెస్ కేటాయించిన 26.8 కోట్ల డాలర్లు. రిపోర్టర్స్ వితౌట్ బోర్డర్స్ బయటపెట్టిన లెక్క ప్రకారం, 2023లో యూఎస్‌ఎయిడ్ 30కి పైగా దేశాల్లో 6,200 మంది జర్నలిస్టులకి, ప్రభుత్వాలతో సంబంధం లేని 707 వార్తాసంస్థలకి ఏదో ఒక రూపంలో సాయం చేసింది. యుక్రెయిన్‌లోనైతే పదింట తొమ్మిది వార్తాసంస్థలు ఇలాంటి సాయం మీదే నిలబడి ఉన్నాయని కూడా అదే సంస్థ చెప్పింది.

ఆ వారం రోజుల్లో నాకు రెండు రకాల మాటలు వినపడ్డాయి. "చూశారా, స్వతంత్ర మీడియా అని చెప్పుకు తిరిగినవాళ్ళంతా అమెరికా జీతగాళ్ళేనన్నమాట" అనేది ఒకటి. "ఇంక పేద దేశాల్లో నిజం చెప్పేవాడే మిగలడు" అనేది రెండోది. ఒకదాంట్లో వెటకారం, ఒకదాంట్లో శోకం. కానీ కాస్త గీకి చూస్తే రెండిటి అడుగునా ఒకటే నమ్మకం: డబ్బు ఎవరిదో తెలిస్తే రాత ఎలాంటిదో తెలిసిపోయినట్టే. మొదటివాళ్ళకి ఆ డబ్బు చెడ్డది కాబట్టి రాతా చెడ్డదే. రెండోవాళ్ళకి ఆ డబ్బు మంచిది కాబట్టి రాతా మంచిదే.

మన భాషలో ఈ నమ్మకానికి ఎప్పటినుంచో పేరుంది. ఉప్పు తిన్న విశ్వాసం. ఉప్పు పెట్టిన ఇంటికి ద్రోహం చెయ్యకూడదన్నది మనుషుల మధ్య మంచి నీతే. పత్రిక విషయంలోనే అది తిరగబడుతుంది. అవసరమైతే ఉప్పు పెట్టినవాడి వంటింట్లోకే తొంగి చూడటం పత్రిక పని. చూడకపోతే అది పత్రిక కాదు, చూస్తే కృతఘ్నత. మరి సొంత ఊళ్ళో ఉప్పు పుట్టని పత్రిక, వేల మైళ్ళ అవతలి ఉప్పు తిని బతకొచ్చా? బతికితే ఆ గొంతు ఎవరిది?

ఈ ప్రశ్న 2025లో పుట్టింది కాదు. దీనితో నిండా మునిగిన ఒక మనిషి కథ నాకు తరచూ గుర్తొస్తుంటుంది. పేరు రజత్ నియోగి. ఉగాండా రాజధాని కంపాలాలో పుట్టిన బెంగాలీ. లండన్‌లో చదువుకుని తిరిగొచ్చి, ఇరవైలు సగం కూడా దాటకుండానే, 1961లో 'ట్రాన్సిషన్' అనే పత్రిక మొదలుపెట్టాడు. ఉగాండాకి అప్పటికింకా స్వాతంత్ర్యం రాలేదు, మరుసటి ఏడు వచ్చింది. చినువా అచెబె, అలీ మజ్రూయీ, నదీన్ గోర్డిమర్, అప్పటికింకా ఎవరికీ పెద్దగా తెలియని పాల్ థెరూ, ఇంకా ఎందరో అందులో రాశారు. ఆ పత్రికలో వ్యాసాలు ఎంత పేరు పొందాయో పాఠకుల ఉత్తరాలూ అంత పేరు పొందాయి. ఒక సంచికలో మొదలైన తగవు నాలుగైదు సంచికల దాకా సాగేది. ఎన్క్రుమా మీద ఆఫ్రికాలో భక్తి ఇంకా చల్లారని రోజుల్లో, 1966లో, ఆయన్ని లెనినిస్టు జార్ చక్రవర్తి అంటూ మజ్రూయీ రాసిన వ్యాసం వేశారు. గొడవ ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి.

ఇలాంటి పత్రికలకి ప్రకటనలు రావు. చందాలు కాగితం ఖర్చుకి కూడా చాలవు. రెండు మూడేళ్ళ లోపే ఆగిపోవాల్సిన పత్రికకి ప్యారిస్ కేంద్రంగా ఉన్న కాంగ్రెస్ ఫర్ కల్చరల్ ఫ్రీడమ్ అనే సంస్థ చెయ్యి అందించింది. 1950లో బెర్లిన్‌లో పుట్టిన ఈ సంస్థ లండన్‌లో 'ఎన్‌కౌంటర్', బొంబాయిలో 'క్వెస్ట్', నైజీరియాలో 'బ్లాక్ ఆర్ఫియస్', ఇలా అనేక దేశాల్లో అనేక పత్రికలకి ఆసరాగా ఉండేది. నిసిమ్ ఇజకీల్ సంపాదకత్వంలో మొదలైన 'క్వెస్ట్' సంగతి మన పాత తరం పాఠకులకి తెలుసు. సంస్కృతి పేరుతో ఇంత ఖర్చు పెట్టే ఈ ధర్మదాతలెవరా అని అప్పట్లో గుసగుసలు ఉండేవి. 1966లో న్యూయార్క్ టైమ్స్, 1967లో రాంపార్ట్స్ పత్రిక, ఆ తర్వాత సీఐఏలో ఆ వ్యవహారం నడిపిన టామ్ బ్రేడెనే స్వయంగా రాసిన వ్యాసం, వరసగా వచ్చి ఆ గుసగుసల్ని తేల్చేశాయి. డబ్బు సీఐఏది. మధ్యలో ఫార్‌ఫీల్డ్ ఫౌండేషన్ లాంటి పేర్లు తెరలు మాత్రమే. 'ఎన్‌కౌంటర్' నుంచి స్టీఫెన్ స్పెండర్ రాజీనామా చేసి బయటికొచ్చాడు. కంపాలాలో నియోగి ఏం చేశాడంటే, ఈ విషయం మీద తనని నిలదీసిన ఇంటర్వ్యూని తన పత్రికలోనే అచ్చేశాడు.

ఇక్కడ ఆగి ఒక సంగతి చెప్పాలి. ఇదే సంస్థ డబ్బుతో 1962లో కంపాలాలోని మకెరెరే కాలేజీలో ఇంగ్లీషులో రాసే ఆఫ్రికన్ రచయితల సభ జరిగింది. చాలా ప్రసిద్ధమైన సభ. అప్పటికింకా విద్యార్థిగా ఉన్న గూగీ అక్కడే అచెబె చేతిలో తన రాతప్రతి పెట్టాడు. మరుసటి ఏడాది, 1963లో, ఓబీ వాలీ అనే నైజీరియన్ విమర్శకుడు ఆ సభని చీల్చి చెండాడాడు. ఇంగ్లీషులో, ఫ్రెంచిలో రాసే ఆఫ్రికన్ సాహిత్యానికి ముందు దారి లేదు, అది మూసుకుపోయిన సందు అన్నాడు. సొంత భాషల్లో రాయమన్నాడు. గూగీ తర్వాతి రోజుల్లో ఇంగ్లీషు వదిలి గికుయులో రాయడం వెనక ఈ చర్చ ఉందని అందరికీ తెలుసు. ఆ వ్యాసం ఎక్కడ అచ్చయింది? 'ట్రాన్సిషన్'లోనే. సభ పెట్టిన జేబులోంచే సభని తిట్టిన వ్యాసానికీ డబ్బు వచ్చింది.

కాబట్టి ఉప్పు తిన్న విశ్వాసం సిద్ధాంతం ఇక్కడ పని చెయ్యదు. ఎవరూ నియోగికి ఫోన్ చేసి ఇది వెయ్యి, అది తియ్యి అనలేదు. సీఐఏకి ఆ తెలివి ఉంది. కమ్యూనిస్టులు కాని మేధావులు స్వేచ్ఛగా పోట్లాడుకుంటూ ఉంటే చాలు, అదే తమకి ప్రచారం అని వాళ్ళ లెక్క. నియోగి రాతలు నిజమైనవే, ఆ తగవులు నిజమైనవే. ఆ పాత సంచికలు ఇవాళ తెరిచినా వేడిగానే ఉంటాయి.

మరి తప్పెక్కడ? రహస్యంలో, అని మొదట అనిపిస్తుంది. ఆ మాట నిజం. పాఠకుడికి పత్రికని అనుమానించే హక్కుంది. ఎవరి డబ్బో తెలిస్తే ఏ వాక్యం దగ్గర కళ్ళు చిట్లించాలో వాడే నిర్ణయించుకుంటాడు. దాచిపెట్టినవాడు ఆ హక్కుని దొంగిలించాడు. నియోగి నుంచి ఇంకా పెద్దది దొంగిలించాడు. తన ధైర్యం తనదేనని చెప్పుకునే అవకాశాన్ని.

కానీ అంతటితో అయిపోలేదనిపిస్తుంది నాకు. 'ట్రాన్సిషన్' ఇంగ్లీషు పత్రిక. డబ్బు రాకముందు కూడా ఇంగ్లీషు పత్రికే, ఆ ఎంపిక నియోగిది. డబ్బు దాన్ని పుట్టించలేదు. చూసింది, నచ్చి ఎంచుకుంది. అదే ఊళ్ళో ఎవరో లుగాండా భాషలో అంతకంటే మంచి పత్రిక నడుపుతూ ఉంటే ప్యారిస్‌లో కూర్చున్నవాళ్ళకి అది కనపడే మార్గమే లేదు. ఓబీ వాలీ సొంత భాషల్లో రాయమని ఇంగ్లీషులో రాయాల్సి రావడంలో ఉన్న చేదు అదే. దూరం నుంచి వచ్చే డబ్బు అభిప్రాయాల్ని కొనడం అరుదు. అది ముఖాన్ని తిప్పుతుంది. పత్రిక ఎవరివైపు తిరిగి మాట్లాడుతుందో దాన్ని మారుస్తుంది. రాసేది పక్కింటివాడి గురించే, కానీ చెప్పేది పక్కింటివాడికి కాదు.

ఈ మాట మీద మళ్ళీ వస్తాను. ఈలోగా రహస్యం లేకపోతే సరిపోతుంది కదా అనేవాళ్ళకోసం మనీలా దాకా వెళ్ళాలి.

మరియా రెస్సా 2012లో మొదలుపెట్టిన 'రాప్లర్' 2015లో ఒమిద్యార్ నెట్‌వర్క్ నుంచి పెట్టుబడి తీసుకుంది. ఫిలిప్పీన్స్ రాజ్యాంగం ప్రకారం మీడియా యాజమాన్యం నూటికి నూరుపాళ్ళూ ఫిలిపినోలదే కావాలి. అందుకని ఆ పెట్టుబడి యాజమాన్యం ఇవ్వని ఒక రకం పత్రాల రూపంలో వచ్చింది. ఆ దేశంలో ఇతర పెద్ద మీడియా కంపెనీలు కూడా వాడిన పద్ధతే. అంతా బహిరంగం. ఆ తర్వాత డుటెర్టే అధ్యక్షుడయ్యాడు. మత్తుమందుల మీద యుద్ధం పేరుతో జరుగుతున్న హత్యల్ని రాప్లర్ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. 2017లో డుటెర్టే పార్లమెంటు ముందు నిలబడి రాప్లర్ అమెరికన్లదన్నాడు. 2018 జనవరిలో కంపెనీ రిజిస్ట్రేషన్ రద్దయింది. ఒమిద్యార్ తన దగ్గరున్న పత్రాలన్నిటినీ రాప్లర్‌లో పనిచేసే 14 మంది ఫిలిపినోలకి ఉచితంగా ఇచ్చేసింది. అయినా కేసు పోలేదు. 2021లో రెస్సాకి నోబెల్ శాంతి బహుమతి వచ్చింది, కేసు అలాగే ఉంది. చివరికి 2024లో అప్పీలు కోర్టు ఆ రద్దుని కొట్టేసింది. ఆరేళ్ళు పైగా పట్టింది.

అంటే దాచినా దెబ్బే, దాచకపోయినా దెబ్బే. రష్యా 2012లో, నికరాగువా 2020లో, జార్జియా 2024లో తెచ్చిన చట్టాలన్నీ పారదర్శకత పేరే చెప్పాయి. ఎల్ సాల్వడార్ 2025లో ఇంకో అడుగు ముందుకేసి విదేశీ విరాళాల మీద 30 శాతం పన్ను వేసింది. నియోగి విషయంలోనూ అంతే. సీఐఏ డబ్బు సంగతి 1967కల్లా లోకమంతా తెలుసు. కానీ 1968లో ఒబోటె ప్రభుత్వం అతన్ని జైల్లో పెట్టింది ఆ డబ్బు కోసం కాదు. కొత్త రాజ్యాంగాన్నీ ప్రభుత్వాన్నీ విమర్శిస్తూ ఒక ఎంపీ రాసిన ఉత్తరం అచ్చేసినందుకు. రాజద్రోహం కేసు. కోర్టు కొట్టేసినా వెంటనే వదల్లేదు. 1969లో బయటపడి, దేశం విడిచి వెళ్ళిపోయి, 1971లో ఘనాలో పత్రికని మళ్ళీ మొదలుపెట్టాడు. "ఎవరి డబ్బు?" అని ప్రభుత్వాలు అడిగే ప్రశ్నకి జవాబు అక్కర్లేదు. అడగడమే దాని పని.

మన దగ్గర చూడండి. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం మొదట వచ్చింది 1976లో, ఎమర్జెన్సీ నడుస్తుండగా. 2010లో వచ్చిన కొత్త చట్టం ప్రకారం విదేశీ విరాళం తీసుకోకూడనివాళ్ళ జాబితాలో పత్రికల యజమానులు, సంపాదకులు, విలేఖరులు, కాలమిస్టులు, ఆఖరికి కార్టూనిస్టులు కూడా ఉన్నారు. రాజకీయ పార్టీలూ ఉన్నాయి. అయితే పార్టీలకి ఒక అదృష్టం పట్టింది. ఒక విదేశీ కంపెనీకి చెందిన సంస్థల నుంచి రెండు పెద్ద పార్టీలు విరాళాలు తీసుకుని చట్టాన్ని ఉల్లంఘించాయని 2014లో ఢిల్లీ హైకోర్టు తేల్చింది. 2016 ఫైనాన్స్ చట్టంలో 'విదేశీ' అనే మాటకి అర్థం మార్చారు. సరిపోలేదని 2018లో ఆ మార్పు 1976 నుంచే అమల్లో ఉన్నట్టు రాసుకున్నారు. నలభై రెండేళ్ళ వెనక్కి వెళ్ళి తిన్న ఉప్పుని దేశవాళీ ఉప్పుగా మార్చారు. ఆ మంత్రం కార్టూనిస్టులకి ఎవరూ వెయ్యలేదు.

ఇంత చెప్పాక, దాతల్ని ఒదిలేద్దామా? ఒదలను. ఎందుకంటే ముఖం తిప్పడం ఎలా జరుగుతుందో నేను దగ్గరుండి చూశాను. చూడటం కాదు, చేశాను.

ఒక చిన్న పట్నంలో విలేఖరిగా పనిచేసే మిత్రుడొకడు కొన్నేళ్ళ కిందట ఒక ఫెలోషిప్‌కి అర్జీ పెట్టుకున్నాడు. విదేశీ డబ్బు కాదు, మన దేశపు సంస్థే. కానీ అర్జీ ఇంగ్లీషులో ఉండాలి. వాడు తెలుగులో రాసి పంపాడు, ఇంగ్లీషు చేసిపెట్టమని. వాళ్ళ ఊరి చెరువు గురించి. శిఖం భూమిలో ఎవరు ముందు మట్టి పోశారో, ఎవరు ప్లాట్లు వేశారో, తూము ఎలా మూసుకుపోయిందో, అలుగు కింద ఇళ్ళు ఎవరివో, అన్నీ పేర్లతో రాశాడు. ఫెలోషిప్ విషయం మాత్రం వాతావరణ మార్పు. నేను కూర్చుని దాన్ని "పట్టణీకరణ, వాతావరణ ఒత్తిళ్ళ నేపథ్యంలో సంప్రదాయ జలవనరులు" అనే అర్థం వచ్చేలా మార్చాను. మొదటి పేరాలో వానల గురించి రెండు వాక్యాలు పెట్టాను. చెరువు మింగినవాడు రెండో చిత్తుప్రతిలో "స్థానిక ప్రయోజనాలు" అయ్యాడు. మూడోదాంట్లో అదీ లేదు, పదాల పరిమితి. ఎవరూ నన్ను తియ్యమనలేదు. వాడికి ఫెలోషిప్ వచ్చింది. వ్యాసం ఇంగ్లీషులో వచ్చింది, బాగానే ఉంది, ఢిల్లీలో ఒకరిద్దరు మెచ్చుకున్నారు. ఆ ఊళ్ళో ఎవరూ చదవలేదు. ప్లాట్లు వేసినాయన కూడా చదవలేదు. చదివినా భయపడాల్సింది అందులో ఏమీ లేదు.

అప్పట్నుంచి గ్రాంటుల భాష ఎక్కడ కనపడినా నాకా చెరువే కనిపిస్తుంది. మన దేశంలోనే ఇంత జరిగితే ఒక ప్రభుత్వం డబ్బుతో, ఇంకో ప్రభుత్వపు ఐదేళ్ళ ప్రాధాన్యాల ప్రకారం, మూడో భాషలో రాసే అర్జీల్లో ఎన్ని చెరువులు మునిగి ఉంటాయి! అందులో పాఠకుడికి "లబ్ధిదారుడు" అని పేరు. లబ్ధిదారుడు తిరిగి ప్రశ్నించడు. మా వీధి గురించి రాయలేదేమని కొట్లాటకి రాడు.

ఇంకోటి, డబ్బు ఉన్నన్నాళ్ళూ కనపడని సంగతి. దాత వెళ్ళిపోగలడు. సీఐఏ బండారం బయటపడ్డాక ఆగినా, ఒక సంతకంతో ఆగినా, ఆ రోజు పత్రిక తలెత్తి చూస్తే ఎదురుగా ఎవరూ ఉండరు. ఇన్నాళ్ళూ అది అటు తిరిగి మాట్లాడింది మరి. శ్రీనాథుడి ఆఖరి రోజుల గురించి ఆయన పేరు మీద చెప్పుకునే చాటువు తెలిసే ఉంటుంది. ఆదరించిన రాజులు ఒక్కొక్కరే పోయారు. బొడ్డుపల్లెలో పొలం గుత్తకి తీసుకుంటే పంట కృష్ణమ్మ ఎత్తుకుపోయింది. సుంకం కట్టలేక కవిసార్వభౌముడు నానా అవమానాలూ పడ్డాడు. ఆ పద్యం ఆయనదో కాదో పండితులు చూసుకుంటారు. దాత పోయిన కవి ఎలా ఉంటాడో మన జాతికి గుర్తుండాలని ఎవరో గట్టిగానే అనుకున్నారు.

ఆయనకి ఎదురుగా మనం ఎప్పుడూ పోతనని నిలబెడతాం. రాజుకి ఇవ్వను పొమ్మన్నాడు, దేవుడికి ఇచ్చాడు. చిన్నప్పుడు ఈ కథలో నాకు ధైర్యమే కనపడేది. ఇప్పుడు నాగలి కనపడుతోంది. ఐతిహ్యం ఆయన్ని హాలికుణ్ణి చేసి మరీ చెప్పింది, ఊరికే కాదు. కాదనడానికి కాళ్ళ కింద కాస్త మడి ఉండాలి. కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రిక పెట్టేనాటికి ఆయన అమృతాంజనం పదిహేనేళ్ళుగా అమ్ముడుపోతోంది. తలనొప్పి మందు అమ్మేవాడు ఒకరికి తలనొప్పిగా మారడానికి వెనకాడక్కర్లేదు. స్వతంత్ర పత్రికల చరిత్ర అని మనం చెప్పుకునేదాంట్లో సగం ఇలాంటి సీసాల చరిత్రే.

బెల్‌గ్రేడ్‌లో బీ92 రేడియోకి సంపాదకుడిగా పనిచేసిన సాషా వుచినిచ్‌కి ఈ సంగతి అనుభవంలో తెలుసు. 1995లో ఆయన ఇంకొకరితో కలిసి పెట్టిన నిధి పత్రికలకి దానం ఇవ్వదు, అప్పు ఇస్తుంది. ప్రెస్సు కొనుక్కో, కాగితం కొనుక్కో, మెల్లగా తీర్చు. దానంకంటే అప్పులో మర్యాద ఉంది. అప్పిచ్చినవాడు వసూలు గురించి అడుగుతాడు తప్ప వాతావరణ మార్పు గురించి రెండు వాక్యాలు రాయమనడు.

"పాఠకులే డబ్బు కట్టాలి, అదొక్కటే స్వాతంత్ర్యం" అనేవాళ్ళున్నారు. హైదరాబాదులో కూర్చుని నేనూ అన్నాను ఆ మాట. మయన్మార్‌ని తల్చుకుంటే నోరు పడిపోతుంది. డెమొక్రటిక్ వాయిస్ ఆఫ్ బర్మా 1992లో ఓస్లోలో పుట్టింది, నార్వే డబ్బుతో. బర్మా భాషలో, బర్మావాళ్ళ కోసం, వేల మైళ్ళ దూరం నుంచి రేడియోలో వార్తలు చదివింది. దేశం కాస్త తెరుచుకున్నాక ఇంటికొచ్చింది. 2021లో సైన్యం మళ్ళీ గద్దెనెక్కిన కొన్ని వారాలకే దాని లైసెన్సూ మరో నాలుగు సంస్థల లైసెన్సులూ రద్దు చేసింది. మళ్ళీ అజ్ఞాతం, మళ్ళీ సరిహద్దులు. అక్కడి పాఠకుణ్ణి చందా కట్టమంటే ఏం చేస్తున్నట్టు? నీ పేరు, నీ బ్యాంకు ఖాతా నంబరు సైన్యానికి ఇవ్వమంటున్నట్టు. అక్కడ దూరపు డబ్బే పాఠకుణ్ణి కాపాడే డబ్బు. నార్వే డబ్బుతో నడిచినా ఆ రేడియో ముఖం ఇంటివైపే ఉంది. తిప్పకుండా ఇవ్వడం సాధ్యమేనన్నమాట. ఇచ్చేవాడు వినేవాడి భాషని తన భాషలోకి మార్చమని అడక్కపోతే చాలు.

దీన్ని దానం అనడం కూడా నాకు మింగుడుపడదు. మనీలాలోనో నైరోబీలోనో ఒక బట్టల కొట్టువాడు ఒకప్పుడు ఊరి పత్రికకి ఇచ్చిన ప్రకటన డబ్బు ఇవాళ గూగుల్‌కీ ఫేస్‌బుక్‌కీ పోతోంది. వార్త రాసేది అక్కడివాళ్ళు, దాని పక్కన ప్రకటన అమ్ముకునేది కాలిఫోర్నియా. 2021లో ఆస్ట్రేలియా చట్టం చేసి ఆ కంపెనీల చేత తమ పత్రికలకి డబ్బు కట్టించుకుంది. 2023లో కెనడా ఆ పని చెయ్యబోతే ఫేస్‌బుక్ ఆ దేశంలో వార్తలే కనపడకుండా చేసింది. కెనడా అంతటి దేశానికే అలా జరిగితే ఉగాండా ఏ ముఖం పెట్టుకుని అడుగుతుంది? తీసుకున్నదాంట్లోంచి ఒక చిటికెడు వెనక్కిస్తూ అది ధర్మం అని పేరు పెట్టుకుంటే, తినేవాడు విశ్వాసం చూపించాల్సిన పనేముంది? ఉప్పు మొదట ఎవరి మడిలోది?

అందుకని నా మటుకు నేను, తీసుకోమనే అంటాను. ఎవరిచ్చారో మొదటి పేజీలో రాసి తీసుకోమంటాను. ఒకరి దగ్గరే కాకుండా పదిమంది దగ్గర తీసుకోమంటాను. ఇలా అనడం తేలిక, ఆ పదిమందికీ పది అర్జీలు ఇంగ్లీషులో రాయాల్సింది నేను కాదు కాబట్టి.

నిజానికి మొన్న ఒకటి రాశాను. అదే మిత్రుడు. ఇప్పుడు ఉద్యోగం మానేసి ఫోన్‌లో వీడియోలు తీసి తనే పెట్టుకుంటున్నాడు, మండలంలో రెండు మూడు వేలమంది చూస్తారు. మళ్ళీ ఏదో ఫెలోషిప్ పడింది, మళ్ళీ తెలుగులో రాసి పంపాడు. మళ్ళీ చెరువే. ఈసారి పేరు తియ్యకుండా అలాగే ఉంచి ఇంగ్లీషు చేసి పంపాను. సాయంత్రం ఫోన్ చేశాడు.

"పేరు తీసెయ్ అన్నా. మూడొందల పదాలే అడిగారు."

"పేరు రెండు పదాలేరా."

"వాళ్ళకెందుకన్నా ఆ పేరు, వాళ్ళకేం తెలుస్తుంది? మనోళ్ళకి వీడియోలో చెప్తాలే."

వీడియో ఇంకా రాలేదు. అప్పుడప్పుడూ తెరిచి చూస్తున్నాను. వాడి ఛానెల్‌కి ఇప్పటిదాకా నేను ఒక్క రూపాయి కూడా పంపలేదన్న సంగతి ఈ వ్యాసం రాస్తుంటేనే గుర్తొచ్చింది.